సాయం ప్రకటించకముందే కాగితాలు సర్దుకో

చిరంజీవి వంశీకి,

పెదనాన్న ఆశీస్సులు. కాలిఫోర్నియా మెడేరా కౌంటీలో బాదం తోట నీ పేరు మీదికి వచ్చిందని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. చాలా సంతోషం. నీళ్ల గురించి, తేనెటీగల పెట్టెల అద్దె గురించి చెప్పడానికి నీకు చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. నేను వేరే పని చెబుతాను. కోతలు మొదలుకాకముందే, రైతు సాయాలు చూసే అమెరికా వ్యవసాయ శాఖ విభాగమైన ఎఫ్‌ఎస్‌ఏ ఆఫీసుకు వెళ్లి నీ పేరు, తోట నమోదు చేయించుకో.

2020లో ఏం జరిగిందో చూశాను కాబట్టి చెబుతున్నా. కరోనాతో హోటళ్లు, బడులు మూతపడి, ఇక్కడ పాలు పారబోసుకున్న రోజులవి. వ్యవసాయ శాఖ సీఎఫ్‌ఏపీ పేరుతో రైతులకు నేరుగా డబ్బు ఇచ్చింది. మొదటి విడత దరఖాస్తులకు మే 26 నుంచి సెప్టెంబరు 11 దాకా గడువు. అంటే బాదం కోతలు జోరుగా సాగే సమయానికే గడువు ముగిసింది. ఎఫ్‌ఎస్‌ఏలో వివరాలు ముందే ఉన్నవాళ్లకు పని సులువుగా అయిపోయింది. లేనివాళ్లు డీడు (భూమి పత్రం), ఆదాయ ధ్రువీకరణ, బ్యాంకు ఫారం అన్నీ అప్పటికప్పుడు సమకూర్చుకోవాల్సి వచ్చింది. మనవాళ్లలో కొందరైతే చిన్న తోటలకు ఎవరిస్తారులే అని అడగనే లేదు. నాకు ఇప్పటికీ బాధ కలిగించేది అదే. ఆ డబ్బు వాళ్లకూ రావాల్సిందే.

రెండో విడతలో పండ్లు, కూరగాయలు, బాదం లాంటి గింజలకు లెక్క 2019 అమ్మకాల మీద కట్టారు. మొదటి 49,999 డాలర్లకు 10.6 శాతం, ఆపైన లక్ష లోపు దానికి 9.9 శాతం. 60 వేల డాలర్ల పంట అమ్మినవాడికి దాదాపు 6,290 డాలర్లు వచ్చాయి. 2019లో అమ్మకాలు లేని కొత్తవాళ్లకు 2020 అమ్మకాలనే తీసుకున్నారు. కాబట్టి మొదటి ఏడాది నుంచే పద్దు శుభ్రంగా ఉండాలి. ఇంకో సంగతి. అప్పుడు సొంతంగా పండించిన పచ్చి సరుకు అమ్మకమే లెక్కలోకి తీసుకున్నారు. వేయించి, ప్యాక్ చేసి అమ్మితే పెరిగిన ధర అందులోకి రాలేదు. కోడలు ఫార్మర్స్ మార్కెట్లో ఆల్మండ్ బటర్ అమ్ముతానంటోంది కదా, ఆ డబ్బుకు వేరే పుస్తకం పెట్టండి. బాదం పొట్టు తీసే హల్లర్ దగ్గర ఇచ్చే తూకం చీటీలు, సరుకు కొనే హ్యాండ్లర్ చెల్లింపుల కాగితాలు ఏ ఏడాదివి ఆ ఏడాది కవర్లో పెట్టు.

పక్క 20 ఎకరాలు కౌలుకు తీసుకుంటానన్నావు. లీజు తప్పకుండా రాతపూర్వకంగా ఉండాలి. మన ఊళ్లో రైతుబంధు పట్టాదారుకే వెళ్లింది, కౌలు రైతుకు దక్కలేదు. ఇక్కడ సీఎఫ్‌ఏపీలో పంట ధర పడిపోతే నష్టం ఎవరు భరిస్తారో వాళ్లకే ఇచ్చారు. నగదు కౌలు తీసుకునే భూయజమానికి రాలేదు. నాకు ఆ పద్ధతే న్యాయం అనిపిస్తుంది. కానీ కాగితం లేకపోతే ఆ న్యాయం నీ దాకా రాదు.

దరఖాస్తులో అంకెలు మనమే రాసి సంతకం పెడతాం. రుజువులు తర్వాత అడుగుతారు. అందుకని అంచనాగా ఏదీ రాయకు. మూడేళ్ల సగటు ఆదాయం 9 లక్షల డాలర్లు దాటినవాళ్లకు, అందులో 75 శాతం వ్యవసాయానిది అయితే తప్ప, ఆ సాయం ఇవ్వలేదు. ఆ ఆదాయ ధ్రువీకరణ ఫారం కూడా టాక్స్ చూసే మనిషికి చూపించాకే సంతకం చెయ్యి.

అలాంటి సాయం ఎప్పుడైనా వస్తే డబ్బంతా ఖర్చు పెట్టేయకు. సీఎఫ్‌ఏపీ డబ్బు మీద పన్ను పడింది, టాక్స్ రిటర్నులో వ్యవసాయ ఆదాయం రాసే షెడ్యూల్ ఎఫ్‌లో చూపించాల్సి వచ్చింది. కరోనా కాలంలో ఉద్యోగుల జీతాల కోసం వ్యాపారాలకు ఇచ్చి, తర్వాత మాఫీ చేసిన పీపీపీ లోనుకు మాత్రం ఫెడరల్ పన్ను లేదు. రెండూ ఒకటే అనుకుని చాలామంది టెన్షన్ పడ్డారు.

ముందు ఆ ఎఫ్‌ఎస్‌ఏ ఆఫీసుకు ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకో. డీడు, ఐడీ, కంపెనీ ఉంటే ఎల్ఎల్‌సీ కాగితాలు పట్టుకెళ్లు. వాళ్లు తోటకు ఇచ్చే ఫార్మ్ నంబరు రాగానే నాకు ఒక మాట చెప్పు.

మీ పెదనాన్న