థైరాయిడ్ మాత్ర వేసుకుంటూ అశ్వగంధ వాడొచ్చా?

హైటెక్ సిటీ ఉద్యోగం, రాత్రి రెండింటిదాకా నిద్ర లేదు, గుండె దడ, పొద్దున థైరాయిడ్ మాత్ర. అశ్వగంధ మొదలుపెట్టనా అని అడిగారు కదా అండీ. ఇప్పుడే వద్దు. అశ్వగంధ కొందరిలో థైరాయిడ్ హార్మోన్‌ను పెంచుతుంది. మీ మాత్ర చేసే పనీ అదే. రెండూ కలిస్తే దడ, చెమట, చేతుల వణుకు రావచ్చు. అది టెన్షనేమో అనుకుని మీరు ఇంకో చెంచా వేసుకుంటారు! ముందు టీఎస్‌హెచ్ పరీక్ష (థైరాయిడ్ పనితీరు చూపే రక్తపరీక్ష) చేయించండి. మాత్ర మోతాదు ఎక్కువైనా ఇదే దడ వస్తుంది.

అశ్వగంధ అంటే మన పెన్నేరుగడ్డే. బేగంబజార్‌లో పొడి కొని నేనూ పాలల్లో కలుపుకున్నాను; గ్లాసు ఎత్తగానే గుర్రపుశాల వాసన, పేరుకు తగ్గట్టే. అశ్వగంధపై జరిగిన పరిశోధనల్లో ఎక్కువగా వాడింది దాని వేరు నుంచి తీసిన సారం, రోజుకు 300 నుంచి 600 మిల్లీగ్రాములు, ఆరు నుంచి ఎనిమిది వారాలు. టెన్షన్, నిద్ర విషయంలో కొంత ఫలితం కనిపించింది, కానీ అవి చిన్న పరిశోధనలు. అరుదుగా కాలేయం దెబ్బతింటుంది; కళ్లు పచ్చబడితే వెంటనే ఆపాలి. గర్భిణులు అసలు ముట్టకూడదు.

దిగులుకని ఆన్‌లైన్‌లో దొరికే విదేశీ మూలిక సెయింట్ జాన్స్ వర్ట్ జోలికి మాత్రం పోకండి. డిప్రెషన్ మాత్రలతో కలిస్తే ప్రమాదం, గర్భనిరోధక మాత్రల పనినీ తగ్గిస్తుంది.

సాయంత్రం ఇరానీ చాయ్ ఎన్ని కప్పులో రాయలేదు మీరు. నాలుగు తర్వాత మానేసి వారం చూడండి. దడ తగ్గకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.