పొల్యూషన్ బోర్డు ఉద్యోగం మా అమ్మాయికి సరిపడుతుందా?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. మా అమ్మాయి బీటెక్ కెమికల్ మూడో ఏడు. చిన్నప్పటి నుంచి యనమదుర్రు డ్రెయిన్ నల్లటి నీళ్లు చూసి, పొల్యూషన్ బోర్డులోనే చేరతానంటోంది. ఆడపిల్ల ఫ్యాక్టరీల చుట్టూ తిరగాలంటే మాకు టెన్షన్‌గా ఉందండీ.

జవాబు: ముందు పని ఏమిటో చెబుతానండీ. రైస్ మిల్లు అయినా, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు అయినా కట్టడానికి ముందు ఒక అనుమతి, నడపడానికి మరొకటి బోర్డు దగ్గర తీసుకోవాలి. ఇచ్చిన షరతులు పాటిస్తున్నారో లేదో వెళ్లి చూడాల్సింది ఇంజనీరే.

డ్రెయిన్ దగ్గర శాంపిల్ ఎలా తీస్తారో చూస్తే మీకే అర్థమవుతుంది. సీసాలో గాలి బుడగ ఒక్కటి కూడా మిగలకుండా నీళ్లు నింపాలి. అక్కడికక్కడే మాంగనీస్ సల్ఫేట్, ఆల్కలీ అయొడైడ్ వేస్తారు. గోధుమరంగు మడ్డి కడితే నీటిలో ఆక్సిజన్ ఉన్నట్టు. తెల్లగా ఉండిపోతే ఆ నీళ్లలో చేప బతకదు.

అసలు కష్టం ఆ తర్వాత ఉంది. ఫ్యాక్టరీ వ్యర్థజలం కోర్టులో సాక్ష్యంగా నిలబడాలంటే 1974 నీటి చట్టం 21వ సెక్షన్ ప్రకారమే తీసి ఉండాలి. ముందు యజమానికి నోటీసు ఇవ్వాలి, ఆయన ఎదుటే శాంపిల్‌ను రెండు భాగాలు చేయాలి, సీలు వేసి సంతకాలు తీసుకోవాలి. ఇందులో తేడా వస్తే ల్యాబ్ రిపోర్టు ఎంత గట్టిదైనా కోర్టులో చెల్లదు. కరెంటు కోయించే అధికారం కూడా ఈ చట్టంలోనే 33ఏ సెక్షన్ కింద బోర్డుకు ఉంది. అందుకే ఒత్తిళ్లూ వస్తాయి, అది దాచను. కెమిస్ట్రీ వచ్చి చట్టం రాని ఇంజనీరు ఈ కుర్చీలో ఇబ్బంది పడతారు.

ఒక్క మాట, పొలాలు చెరువులైపోవడం లాంటివన్నీ బోర్డు చేతిలో ఉండవు. తీరప్రాంత రొయ్యల చెరువుల రిజిస్ట్రేషన్ కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీది. ఆమె కోపం ఆ చెరువుల మీదైతే దారి వేరు.

అసిస్టెంట్ ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరు పోస్టులు ఏపీపీఎస్సీ ద్వారా భర్తీ చేస్తారు, కెమికల్ వాళ్లు అర్హులే. కానీ పోస్టులు తక్కువ, నోటిఫికేషన్ ఏటా రాదు. ఈలోగా ఏదైనా ప్లాంటు వ్యర్థజల శుద్ధి విభాగంలో రెండేళ్లు పనిచేయడం మేలు. తప్పు ఎక్కడ దాగుతుందో లోపలి నుంచే తెలుస్తుంది.

తనిఖీలకు ఆడవాళ్లూ వెళ్తున్నారండీ, దానికి భయపడకండి. ఈ సెలవుల్లో 21వ సెక్షన్ ఆమె చేత చదివించండి. చదివాక విసుక్కోకుండా మీకు వివరించబోతే, ఆపకండి.