ఒక్క రిపోర్టు చూసి ఇక్సీకి పరుగెత్తకండి

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. నాకు 33 ఏళ్లు, మా ఆవిడకు 29. పెళ్లయి నాలుగేళ్లయింది. వీర్యపరీక్షలో కణాలు మిల్లీలీటరుకు 30 లక్షలే ఉన్నాయట. విశాఖ వెళ్లి ఇక్సీ (ల్యాబులో అండంలోకి వీర్యకణాన్ని ఎక్కించి పిండం తయారుచేసే పద్ధతి) చేయించుకోమంటున్నారు. ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. అమ్మ మా ఆవిడకే నాటుమందు పోయిస్తోంది. ఏం చేయమంటారు?

సలహా: ముందు ఆ నాటుమందు ఆపించండి. లోపం మీ వైపు ఉందని తెలియక ఆ అమ్మాయి మందు మింగుతోంది. మీ అమ్మగారికి ఈ మాట మీరే చెప్పాలి, ఈరోజే చెప్పాలి.

ఇక రిపోర్టు. మిల్లీలీటరుకు కోటీ 60 లక్షల కన్నా తగ్గితే తక్కువ కిందే లెక్క. మీవి బాగా తక్కువ. అయినా ఒక్క పరీక్షతో తేల్చేయకూడదు. వీర్యకణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది. ఆలోగా మలేరియా లాంటి గట్టి జ్వరం వచ్చినా సంఖ్య పడిపోతుంది. కలయికకు కనీసం రెండు రోజులు, మించితే ఏడు రోజులు దూరంగా ఉండి మళ్లీ చేయించండి. నమూనా గంటలోపు ల్యాబుకు చేరాలి. ఇంట్లో తీసి రైల్లో విశాఖ పట్టుకెళ్తే పనికిరాదు, ల్యాబులోనే ఇవ్వండి.

యూరాలజిస్టుకు చూపించుకోండి. వృషణాల దగ్గర నరాలు ఉబ్బితే వేరికోసిల్ అంటారు. దానికి ఆపరేషన్ చేస్తే చాలామందిలో కణాలు పెరుగుతాయి. కండల కోసం టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు వాడి ఉంటే దాచకండి, అవి కణాల తయారీనే ఆపేస్తాయి. సంఖ్య 50 లక్షల లోపు కాబట్టి హార్మోన్లతోపాటు క్రోమోజోమ్ పరీక్షలూ అవసరం. మీ వైపు సికిల్‌సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్తజబ్బు) ఎక్కువ. ఆ రక్తపరీక్ష ఇద్దరూ చేయించుకోండి. ఇద్దరిలోనూ ఆ జన్యువు ఉంటే బిడ్డకు జబ్బు వచ్చే ముప్పు నాలుగింట ఒక వంతు. ఇక్సీ ఒక్కటే ఆ ముప్పును తప్పించదు.

మీ ఆవిడ వయసు 29 కాబట్టి మూడు నెలలు ఆగినా నష్టం లేదు. అప్పటికీ సంఖ్య ఇంతే ఉంటే ఇక్సీయే సరైన దారి, ఐయూఐకి (కణాలను నేరుగా గర్భసంచిలోకి ఎక్కించే పద్ధతికి) ఈ కణాలు చాలవు. ఇక్సీలో ఒక్కో అండంలోకి ఒక్కో కణాన్ని సన్నని సూదితో ఎక్కిస్తారు. లోపం మీదైనా సూదులు పొడిపించుకునేది మాత్రం ఆమె. దాదాపు 10-12 రోజులు రోజూ ఇంజెక్షన్, మధ్యమధ్య స్కానింగ్. చివరి ఇంజెక్షన్ చేసిన 34-36 గంటలకు అండాలు తీస్తారు. ఆ టైము తప్పకూడదు కాబట్టి అప్పుడు విశాఖలోనే మకాం పెట్టాలి. మీరు సెలవు పెట్టి పక్కనే ఉండండి.

సెంటర్‌కు 2021 నాటి ఏఆర్‌టీ (సంతానసాఫల్య చికిత్సల) చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడండి. మందులు, పిండాలు దాచే ఖర్చు కలిపి మొత్తం ఎంతో కాగితం మీద రాయించుకున్నాకే అడ్వాన్సు కట్టండి.