బదుల్లా రైలు మీద బెంగ

ప్రశ్న: మాది చెన్నై, పెరంబూరు. నాకు 38 ఏళ్లు. ఇక్కడి రైలు పెట్టెల కర్మాగారం ఐసీఎఫ్‌లో వెల్డరుగా చేసిన నాన్న మూడేళ్ల కిందట పోయారు. అప్పటినుంచి శ్రీలంకలోని కొలంబో–బదుల్లా కొండ రైలంటే ప్రాణం. రెండుసార్లు ఒక్కడినే వెళ్లొచ్చాను. అక్కడ దిగితే సొంతూరికి వచ్చినట్టుంటుంది. మూడోసారి టికెట్లు తీశానని చెప్పగానే మా ఆవిడ మాట్లాడటం మానేసింది. ఏడేళ్ల పాప ఉంది. నాలో ఏదైనా తేడా ఉందా?

జవాబు: ఏ తేడా లేదు. దేశం వేరైనా ఆ పట్టాల వెడల్పు మనదే, అయిదడుగుల ఆరంగుళాలు. ఊటీ రైలుది మీటర్ గేజ్, డార్జిలింగ్‌ది రెండడుగులు. ఇది మాత్రం కొండలెక్కినా బ్రాడ్ గేజే. పెరంబూరులో తయారైన పెట్టెలు శ్రీలంకకూ వెళ్లాయి. 1964 తుపానుకి ధనుష్కోడి పోయేదాకా, ఎగ్మూరులో బోట్ మెయిల్ రైలెక్కినవాళ్లు ధనుష్కోడి నుంచి ఓడలో సముద్రం దాటి, శ్రీలంకలోని తలైమన్నార్‌లో మళ్లీ రైలే ఎక్కేవారు. అక్కడ మీకు ఇల్లు గుర్తొస్తోందంటే, నాన్నగారు గుర్తొస్తున్నారన్నమాట. ఆ సంగతి మీ ఆవిడతో ఎప్పుడైనా అన్నారా?

ఆవిడ కోపం రైలు మీద కాదు, టికెట్లు తీశాక చెప్పడం మీద. ముందు అవి రద్దు చేయండి. కొంత డబ్బు పోతుంది, పోనివ్వండి. టికెట్ చేతిలో పెట్టుకుని అడిగితే ఆవిడకు వద్దనే వీలుండదు. పాప పడుకున్నాక, ఫోన్ వేరే గదిలో పెట్టి, అరగంట కూర్చోండి. నాన్నగారి గురించే మొదలుపెట్టండి. సొరంగాలు, ఎత్తులు, ఇంజన్ల మాట ఆ రాత్రికి ఎత్తొద్దు. ఎత్తారంటే మళ్లీ రైలు గొడవే అనుకుంటుంది. గత రెండు ప్రయాణాల ఖర్చు దాచకుండా కాగితం మీద రాసివ్వండి. ఇకపై ఇద్దరూ ఒప్పుకున్న మొత్తం నెలనెలా ఆర్‌డీలో వేయండి, అది చేతికొచ్చాకే ప్రయాణం. ఆవిడ ఇష్టాలకూ అంతే మొత్తం వేరుగా కట్టాలి. చాలామంది ఇక్కడే తప్పుతారు.

ఆవిడ వస్తానంటే కొలంబో నుంచి మొత్తం దారి పెట్టుకోకండి. తొమ్మిది పది గంటలు పాప కూర్చోలేదు. అదే దారిలో నాను ఓయ స్టేషన్ నుంచి ఎల్లా స్టేషన్ వరకు, సుమారు మూడు గంటలు, చాలు. నెల ముందు రిజర్వేషన్ తెరవగానే సీట్లు తీయండి, ఆలస్యమైతే నిలబడాలి. వానాకాలంలో కొండచరియలు పడి లైను మూసేస్తుంటారు, రైలు నడుస్తోందో లేదో ముందే కనుక్కోండి. మర్నాడు ఎల్లా దగ్గరి దెమోదర స్టేషన్ చూపించండి: బదుల్లా వెళ్లే రైలు స్టేషన్ దాటి, కొండను చుట్టి, అదే స్టేషన్ కిందున్న సొరంగంలో దూరుతుంది. పాపకు అది తప్పక నచ్చుతుంది.

రానంటే బలవంతపెట్టకండి. మీరొక్కరే వెళ్లే తారీఖులు ఆవిడనే చెప్పనివ్వండి. రాత్రిళ్లు నిద్రలేక పని కూడా దెబ్బతింటుంటే మాత్రం, నాన్నగారి బెంగ గురించి ఒకసారి సైకాలజిస్టుతో మాట్లాడండి.