మామిడి టెంక నాటబోతున్న చిన్నికి

చిన్నీ,

మామిడి టెంక నాటి ఇంట్లోనే కుండీలో పెంచుతానని రాశావు, చదవగానే ఎంత సంతోషమేసిందో. కాయల మీద ఆశతో మాత్రం మొదలుపెట్టకు తల్లీ, టెంక మొక్క బయట నేలలో పెరిగినా కాపుకి రావడానికి ఐదారేళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది, గదిలో అయితే కాయడం చాలా అరుదు. ఆ చిగురు చూసుకోడానికి పెంచు, అది చాలు.

టెంకని ఎండబెట్టి దాచి తర్వాత చూద్దాంలే అనుకోకు. టమాటా గింజల్లా ఇది నిలవుండదు, లోపలుండే గింజ, అదే జీడి, ఎండిందంటే ఇక మొలవదు. ఫ్రిజ్‌లో చాలా రోజులున్న పండుదైనా నమ్మకం లేదు. పండు తిన్న రోజో మర్నాడో పీచు కడిగేసి, ఒక పూట ఆరనిచ్చి, కత్తెరతో అంచు మెల్లగా విప్పి జీడి బయటికి తియ్యి, దానికి గాటు పడకూడదు. నల్లగా మెత్తబడినా పురుగున్నా పారేసి ఇంకోటి చూసుకో.

నీళ్ళు నిలవని మట్టిలో, వీపులా వంగిన అంచు పైకొచ్చేలా ఒక అంగుళం లోతులో పెట్టు. వెచ్చగా 25 నుంచి 30 డిగ్రీలుంటే రెండుమూడు వారాల్లో మొలుస్తుంది. కొన్ని రకాల్లో ఒకే జీడి నుంచి రెండుమూడు మొలకలొస్తాయి, అవి చాలావరకు తల్లి చెట్టు పోలికే, ఒక్కటే వచ్చే రకమైతే ఆ పోలిక ఉంటుందని చెప్పలేం. కుండీ వెడల్పు కంటే లోతు ముఖ్యం, తల్లివేరు సూటిగా కిందికి పోతుంది కాబట్టి అడుగు లోతైనా ఉండాలి, కింద చిల్లులు తప్పనిసరి.

ఇప్పుడు అసలు సంగతి. కొత్త ఆకులు రాగి రంగులో, మెత్తగా, వాడిపోయినట్టు వేలాడుతూ వస్తాయి. నా మొదటి మొక్కకి అలా వస్తే నీళ్ళు చాలట్లేదేమో అనుకుని రోజూ పోశాను, వేరు కుళ్ళి నెలలోపే పోయింది, ఎంత బాధపడ్డానో ఇప్పటికీ గుర్తుంది. అది దాని తీరేనమ్మా, కొన్ని రోజుల్లో ఆకు పచ్చబడి గట్టిపడి నిలబడుతుంది. ఆ తర్వాత వారాల తరబడి, ఒక్కోసారి రెండు నెలలు కూడా, ఒక్క ఆకు వెయ్యకుండా అలాగే ఉంటుంది, అప్పుడూ కంగారుపడి నీళ్ళు, ఎరువు గుమ్మరించకు, మామిడి విడతలు విడతలుగానే చిగురేస్తుంది. వేలు రెండు అంగుళాలు దించి చూడు, పొడిగా తగిలితేనే కింద నుంచి కారేదాకా పొయ్యి, పళ్ళెంలో నిలిచింది పారబొయ్యి.

ఎండ బాగా పడే కిటికీ దగ్గర పెట్టు, కానీ నీడలో ఉన్నదాన్ని ఒక్కసారిగా మండే ఎండలోకి మార్చకు, ఆకు మాడిపోతుంది. చలికాలం 10 డిగ్రీల కిందికి పోకుండా చూసుకో, లేత మొక్క చలికి దెబ్బతింటుంది. ఆకు కొసలు ఎండుతుంటే గాలి పొడిగా ఉన్నట్టు, లేదా మట్టిలో ఉప్పు పేరుకున్నట్టు. పిండినల్లి పడితే తడిగుడ్డతో ఆకుల అడుగు కూడా తుడిచెయ్యి.

అడుగున్నర ఎత్తయ్యాక కొస తుంచితే కొమ్మలేస్తుంది, అప్పుడు కారే సొన చేతికి అంటనీకు, కొందరికి చర్మం పొక్కుతుంది.

ఇంతకీ నీ దగ్గరున్న టెంక ఇంకా తడిగానే ఉందా? ఇవాళే విప్పి జీడి ఎలా ఉందో ఫోటో పెట్టు.

పెద్దమ్మ