మాన్‌స్టెరాకి కుండీ మార్చే ముందు

చిరంజీవి శిరీషకు,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు పంపిన ఫోటోలు చూశాను. చిల్లుల ఆకుల ఆ మాన్‌స్టెరా తీగ ఏపుగా ఎదిగింది, చాలా సంతోషం. కుండీ మార్చాల్సిందే, కానీ ఈ ఎండల్లో వద్దు. రోహిణి కార్తెలో వేళ్లు కదిపితే అన్నేసి పెద్ద ఆకులకు కావలసిన నీళ్లు అవి అందించలేవు. మృగశిర వచ్చి రెండు మంచి వానలు పడనీ. జూన్ చివరి నుంచి ఆగస్టు దాకా గాలిలో తేమ ఉంటుంది, మొక్క కూడా ఎదిగే ఊపులో ఉంటుంది. తెగిన వేళ్లు తొందరగా కోలుకుంటాయి. అది కుదరకపోతే ఫిబ్రవరి చివర్లో చెయ్యి. డిసెంబరు, జనవరి చలిలో మాత్రం ముట్టుకోకు.

ఎప్పుడు మార్చాలన్నది ఆకుల్ని చూసి కాదు, వేళ్లని చూసి తెలుసుకోవాలి. అడుగు చిల్లుల్లోంచి వేళ్లు బయటికి వస్తున్నాయా? పోసిన నీళ్లు ఇంకకుండా అంచు వెంట జారి నేరుగా పళ్లెంలోకి వచ్చేస్తున్నాయా? తడిపిన మర్నాటికే మట్టి ఎండిపోతోందా? వీటిలో రెండు కనబడ్డాయంటే లోపల చోటు అయిపోయిందన్నమాట. కాండం నుంచి వేలాడే ఊడలు చూసి మాత్రం కంగారు పడకు. దక్షిణ మెక్సికో నుంచి పనామా దాకా ఉన్న అడవుల్లో ఈ తీగ చెట్లను పట్టుకుని పైకి పాకేది వాటితోనే.

ఆ 20 అంగుళాల సిరామిక్ కుండీ ముచ్చటగా ఉందన్నావు. వద్దమ్మా. ఇప్పుడున్నది 12 అంగుళాలది కాబట్టి 14 చాలు. వేళ్లు అందుకోలేని మట్టి రోజుల తరబడి తడిగానే ఉండిపోతుంది, ఆ తడిలోనే వేళ్లు కుళ్లుతాయి. అడుగున గులకరాళ్లు పొయ్యమని చాలామంది చెబుతారు. పోసినా నీళ్లు ఆ రాళ్ల పైనున్న మట్టిలోనే నిలబడతాయి, వేళ్లకు చోటు తగ్గడమే మిగులుతుంది. చిల్లు మీద ఒక పెంకుముక్క బోర్లించు, చాలు.

మట్టి గుల్లగా ఉండాలి. ఎర్రమట్టి ఒక పాలు, కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) ఒక పాలు, వర్మీకంపోస్ట్ ఒక పాలు, పెర్లైట్ (నర్సరీల్లో దొరికే తేలికైన తెల్ల రవ్వ) గానీ ముతక ఇసుక గానీ ఒక పాలు, పైన గుప్పెడు వేపపిండి. కోకోపీట్ దిమ్మని ముందే నానబెట్టి, బాగా కడిగి పిండు.

ముందురోజు మొక్కకి నీళ్లు పొయ్యి. అల్లుడుగారిని పక్కన ఉండమను, ఒక్కదానివే ఎత్తొద్దు. చేతులకు గ్లవ్స్ తప్పనిసరి. ఇదీ చామ కుటుంబమే, రసం తగిలితే చామదుంప కోసినట్టే దురద పెడుతుంది. పాపని ఆ గంటసేపు దగ్గరికి రానీకు. కుండీని గోనెసంచి మీద పడుకోబెట్టి, లోపలి అంచు చుట్టూ కత్తి తిప్పి, కుండీని వెనక్కి లాగండి. కాండం పట్టుకుని మొక్కని లాగొద్దు.

వేళ్లు చూడు. తెల్లగానో, మీగడ రంగులోనో, గట్టిగా ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. నల్లగా, మెత్తగా, నొక్కితే తొక్క జారిపోయేవి కుళ్లినవి. స్పిరిట్‌తో తుడిచిన కత్తెరతో వాటిని తీసెయ్యి. చుట్టలు చుట్టుకున్నవాటిని చేతివేళ్లతోనే నెమ్మదిగా విడదియ్యి. కడియం వైపు నర్సరీల నుంచి వచ్చిన మొక్కల్లో చాలావాటికి మధ్యలో బంకమట్టి ముద్ద ఉంటుంది. నీ మొక్కకీ ఉంటే బలవంతంగా పగలగొట్టకు. బకెట్ నీళ్లలో అరగంట ఉంచితే చాలావరకు అదే కరిగి ఊడిపోతుంది, మిగిలినది ఉండనీ.

మట్టి నింపకముందే మాస్ స్టిక్, అదే తీగ పాకడానికి నాచు చుట్టిన కర్ర, నిలబెట్టు. తర్వాత గుచ్చితే వేళ్లు తెగుతాయి. మొక్క ఇదివరకు ఎంత లోతులో ఉందో అంతే ఉండాలి. అంచుకి రెండు అంగుళాలు కింద దాకా మట్టి నింపు, కాలితో తొక్కినట్టు అదమకు. చిల్లులోంచి కారేదాకా నీళ్లు పోసి, పళ్లెంలో చేరినవి పారబొయ్యి.

ఆపైన వారం పది రోజులు ఆకులు వాలతాయి, ఒకటి రెండు పండిపోతాయి కూడా. టెన్షన్ పడి మళ్లీ మళ్లీ నీళ్లు పొయ్యకు. వేలు పెట్టి చూడు, రెండు అంగుళాల లోతు దాకా పొడిగా తగిలితేనే పొయ్యి. ఎండ నేరుగా పడని వెలుతురులో ఉంచు. నెలన్నర దాకా ఎరువు వద్దు. రెండేళ్ల వరకు మళ్లీ కుండీ మార్చే పని ఉండదు. అప్పటికి ఎత్తలేనంత బరువైతే పై మట్టి రెండు అంగుళాలు తీసేసి వర్మీకంపోస్ట్ కలిపిన కొత్త మట్టి వెయ్యి.

నీ పెద్దమ్మ