స్టిక్కర్లు పోయిన పాత ష్విన్: ముందు అంకెలు చదవండి, ఉప్పుకాగితం తర్వాత

మీరు అడిగింది ఇదీ: షికాగో దగ్గర మీ నాన్నగారి ఇంటి బేస్‌మెంటులో మీ చిన్ననాటి బీఎంఎక్స్ (మట్టి దారుల్లో పందేలకు వాడే చిన్న చక్రాల) సైకిలు దొరికింది. ముందు గొట్టానికి షికాగో సైకిళ్ల కంపెనీ ష్విన్ పేరున్న బిళ్ల ఉంది, స్టిక్కరు మాత్రం ఒక్కటీ మిగల్లేదు. అది ఏ ఏడాదిది? మీ అబ్బాయికి ఇచ్చే ముందు గీకించి కొత్త రంగు వేయించాలా?

రెండో ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. వద్దు. ఆ తొందరపాటుతోనే నా సైకిలును నేను చెడగొట్టుకున్నాను.

మేము కూడా ఆ చుట్టుపక్కలే ఉండేవాళ్లం. 1985లో మా నాన్న ఎవరో ఇంటిముందు పెట్టి అమ్ముతుంటే పదిహేను డాలర్లకు ఒక ష్విన్ కొనుక్కొచ్చారు. నా మనసంతా పక్కింటి అబ్బాయి మంగూస్ కంపెనీ సైకిలు మీద ఉంది. పైగా దీని నిండా తుప్పు. నా ముఖం చూసి నాన్న ఒక ఆదివారం, పెరటి తలుపుకు వేయగా మిగిలిన నీలం రంగును గోడలకు వేసే కుంచెతోనే దీనికి పూసేశారు. కుంచె వెంట్రుకలు రెండు రంగులోనే ఎండిపోయాయి. ఏడాదిపాటు దాన్ని బడికి తీసుకెళ్లడానికి నాకు సిగ్గుగా ఉండేది.

2016లో అదే సైకిలు మళ్లీ చేతికి వచ్చింది. ఉత్సాహం పట్టలేక రంగు ఊడదీసే ద్రావణం తెచ్చి ఒక్క మధ్యాహ్నంలో నీలమంతా తీసేశాను. కింద కంపెనీ వేసిన ఎరుపు బయటపడింది. గొట్టం మీద ‘స్క్రాంబ్లర్’ అన్న అక్షరాలు క్షణం పాటు కనిపించి, తుడుస్తున్న గుడ్డకు అంటుకుని వచ్చేశాయి. మోడలు పేరు నాకు తెలిసిందీ, అది చెరిగిపోయిందీ ఆ ఒక్క తుడుపుతోనే. నాన్న వేసిన నీలం ఎలాగూ పోయింది. ఇప్పుడు ఆ రెండు వెంట్రుకలు ఎవరైనా తిరిగి అతికిస్తానంటే డబ్బులిస్తాను.

అందుకని ముందు టార్చిలైటు, ఫోను కెమెరా పట్టుకుని కూర్చోండి. హ్యాండిల్ కింది ముందు గొట్టం మిగతా గొట్టాలను కలిసేచోట వెల్డింగు గీత కనిపించకుండా, పోతపోసినట్టు నున్నగా ఉంటే అది షికాగో కర్మాగారంలో తయారైన ఫ్రేము కావచ్చు. 1970 తర్వాతి షికాగో సైకిళ్లకు సీరియల్ నంబరు కూడా ఆ గొట్టం మీదే ఉంటుంది. మొదట రెండు ఇంగ్లీషు అక్షరాలు, తర్వాత ఆరు అంకెలు. మొదటి అక్షరం నెల: ‘ఎ’ అంటే జనవరి. రెండోది ఏడాది: 1965కు ‘ఎ’తో మొదలై, ‘ఐ’, ‘ఓ’ అక్షరాలను వదిలేసి లెక్క సాగుతుంది. నా దాని మీద ‘ఎఫ్ ఆర్’ ఉంది, అంటే 1980 జూన్.

అయితే అది గొట్టం మీద నంబరు కొట్టిన నెల మాత్రమే. సైకిలు పూర్తిగా తయారైన సమయం కావాలంటే బిళ్ల చూడాలి. 1970ల రెండో సగం నుంచి ష్విన్ వాళ్లు బిళ్ల మీద నాలుగు అంకెలు కొట్టేవారు. మొదటి మూడూ ఏడాదిలో ఎన్నో రోజో చెబుతాయి, నాలుగోది సంవత్సరంలోని చివరి అంకె. నా బిళ్ల మీద 1940 అని ఉంటే మొదట నవ్వొచ్చింది, ఇది మా తాతల కాలపు సైకిలా అని. అది 1980లో 194వ రోజు, జూలై 12.

వెనక చక్రం మధ్య హబ్బు షిమానో కంపెనీది అయితే దానిమీద సన్నగా రెండు అక్షరాలు ఉంటాయేమో వెతకండి. అక్కడ మొదటి అక్షరం ఏడాది, 1976కు ‘ఎ’. రెండోది నెల. నాకు ‘హెచ్ సి’ దొరికింది, 1983 మార్చి. 1980 సైకిలుకు 1983 హబ్బు ఉందంటే మాకంటే ముందు ఎవరో చక్రం విరగ్గొట్టుకుని మార్చారన్నమాట. దాన్ని నేను మార్చలేదు. అందరూ అసలు భాగాల కోసం వెతుకుతారు కానీ, మీరు చిన్నప్పుడు తొక్కినది కేటలాగులోని సైకిలు కాదు కదా.

తుప్పు సంగతి. క్రోమ్ మీది పైపై తుప్పును అల్యూమినియం రేకు ఉండచుట్టి, నీళ్లలో తడిపి రుద్దితే చాలు. రంగున్న గొట్టాలకు ఆక్సాలిక్ ఆమ్లం వాడవచ్చు, చెక్క తెల్లబరిచే పొడిగా దుకాణాల్లో అమ్ముతారు. అది విషం: చేతులకు తొడుగులు వేసుకోండి, పిల్లలను దూరంగా ఉంచండి. పొడినే నీళ్లలో కలపాలి. కొన్ని రంగులను అది వెలవెలబోయేలా చేస్తుంది, కాబట్టి ముందు సీటు కింద కనిపించనిచోట పరీక్షించండి. తర్వాత వంటసోడా నీళ్లతో కడిగి, బాగా ఆరబెట్టి, నూనె గుడ్డతో తుడవండి.

విప్పేటప్పుడు ఒక చిక్కు. రెండు పెడళ్ల చేతులూ కలిపి ఒకే కడ్డీని వంచి చేసిన క్రాంకు అయితే, ఎడమవైపు నట్టుకూ దాని లోపల బేరింగును పట్టి ఉంచే కోనుకూ మరలు తిరగేసి ఉంటాయి. ఎడమ పెడలుకూ అంతే. మామూలుగా తిప్పితే ఇంకా బిగుసుకుంటాయి. ఇది తెలియక పానా మీద నిలబడి మరీ గెంతాను. ఇలాంటి క్రాంకుకు పెడలు ఇరుసు అర అంగుళంది కావాలి. మూడు ముక్కల క్రాంకులకు వాడే పెడళ్లు దీనిలో దూరవు.

టైర్లు కొనేటప్పుడు ‘ఇరవై అంగుళాలు’ అన్న మాటను నమ్మకండి. 20×1.75 అని దశాంశంలో రాసినదానికి రిమ్ము 406 మిల్లీమీటర్లు, 20×1 3/8 అని భిన్నంలో రాసినదానికి 451. ష్విన్ పాత స్టింగ్‌రే సైకిళ్ల 20×1 3/4 వీటిలో దేనికీ సరిపోని 419. పాత టైరు పక్కన ఉన్న అంకెలను ఉన్నవి ఉన్నట్టు రాసుకుని వెళ్లండి. అబ్బాయి ఎక్కబోతున్నాడు కాబట్టి బేరింగుల గోళీలు, చైను, బ్రేకు వీటిలో మాత్రం మమకారం పెట్టుకోకుండా కొత్తవి వేయండి.

బిళ్లను దగ్గర నుంచి ఫొటో తీసి పెట్టండి. నాలుగు అంకెలూ కనిపిస్తే అది ఏ రోజుదో నేను లెక్కకట్టి చెబుతాను.